మొదటి బెంచీ

ప్రొద్దుటూరులో నేను పాఠాలు చెప్పే కాలేజీలో ఒక అలవాటుంది. డిగ్రీ ముగించి పీజీ సీట్లు తెచ్చుకున్న పిల్లలను ఏటా ఒక గదిలో కూర్చోబెట్టి, నా చేత నాలుగు మాటలు చెప్పిస్తారు. యూనివర్సిటీలో అడుగుపెట్టగానే ఎలా మసలుకోవాలి, తొలి నెలల్లో తడబడకుండా ఎలా నిలదొక్కుకోవాలి అన్నది నా విషయం. నాకు దానిమీద పేరు కూడా వచ్చింది. వేరే కాలేజీల వాళ్ళు జమ్మలమడుగు నుంచి, పులివెందుల నుంచి పిలుస్తారు.

నేను చెప్పేవి పెద్ద విషయాలేం కావు. మొదటి రోజునే మొదటి బెంచీలో కూర్చోండి. మొదటి వారంలోనే ఏదో ఒక ప్రశ్న అడగండి, అది చిన్నదైనా ఫరవాలేదు, నవ్వితే నవ్వనీయండి. ఇంగ్లీషు పుస్తకంలో చదివినదాన్ని సాయంత్రం మీ మాటల్లో పక్కవాడికి చెప్పండి, వాడికి అర్థమైతే మీకు వచ్చినట్టే. ఆ తర్వాత నా కథ చెప్తాను. గొర్రెల వెంట తిరిగిన కుర్రాడు ఎమ్మేలో మొదటి సెమినార్‌కే ప్రొఫెసరు మెప్పు ఎలా పొందాడో చెప్తాను. పిల్లలు చప్పట్లు కొడతారు.

ఈ ఏడు చప్పట్లయ్యాక ఒక అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, మా నాయన గూడా అచ్చం ఇట్లనే చెప్తాడు సార్. మొదటి బెంచీలో కూచో పాపా, నీ యీపు ఎవురూ చూడరు, అందరూ బోర్డే చూస్తారు అని."

గదిలో అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. వీపు సంగతి నేను పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ మాట తెలిసినవాళ్ళు నేను గాక ఈ భూమ్మీద ఒకే ఒక్కరు.

"మీ నాయన ఏం చేస్తాడమ్మా?"

"పులివెందులలో బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు సార్. ఆయప్ప గూడా యూనివర్సిటీకి పోయినాడంట, నా మాదిరే. దసరాకు ముందే వచ్చేసినాడంట. సదువు అబ్బలేదంట సార్."

మళ్ళీ నవ్వులు. ఆ అమ్మాయీ నవ్వింది, నాన్న మీద ముద్దుగానే. నేను "మంచి మాట చెప్పినాడమ్మా మీ నాయన" అని, వాచీ చూసుకుని, బయటికి వచ్చేశాను.

చదువు అబ్బలేదన్న మాట ఆ ఇంట్లో పుట్టింది కాదు. దాన్ని మొదట అన్నవాణ్ణి నేను. ఆ అమ్మాయి యూనివర్సిటీకి బయలుదేరేలోపు జరిగింది జరిగినట్టు రాయాలి.

మా ఊరు జమ్మలమడుగు నుంచి పులివెందుల పోయే దారికి లోపలగా ఉంటుంది. ఊరికి ఆనుకుని ఒక వంక, చిన్న వాగు. వంకకు ఇవతల మేము, అవతల ఇంకో ఊరు. మేమొక తట్టు, వాళ్ళొక తట్టు. మా రెండు తట్లకూ మధ్య పగ ఎలా మొదలైందో నా చిన్నతనంలో ఎవరిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్పేవాళ్ళు. మా తట్టును నడిపే పెద్దాయన ఏ పార్టీలో ఉంటే మాదీ అదే పార్టీ. ఒక ఎన్నికలకు ముందు రెండు తట్ల పెద్దలూ పార్టీలు మార్చేశారు. అవతలి గుర్తు ఇవతలి గోడల మీదికి, ఇవతలిది అవతలికి మార్చి రాయడానికి ప్రొద్దుటూరు నుంచి ఒకే పెయింటరు వచ్చాడు. పగ మాత్రం ఉన్నచోటే ఉంది.

మా నాన్నకు గొర్రెల మంద ఉండేది. ఆ మంద ఎక్కడ మేయాలో, రాత్రిళ్ళు ఎరువు కోసం ఎవరి చేలో పెట్టాలో కూడా తట్టే తేల్చేది. పిల్లల చదువులూ అంతే. అవతలి పిల్లలు పులివెందుల బడికి పోతే, మేము జమ్మలమడుగుకు, ఆపైన ప్రొద్దుటూరుకు పోయేవాళ్ళం. కిలోమీటరు దూరంలో పెరిగినా ఒకరి మొహాలు ఒకరికి తెలియవు.

ఇంకొకటి చెప్పాలి, అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. మా ఊళ్ళో మగవాడు వీపు వెనక గోడ లేకుండా కూర్చోడు. టీ అంగట్లో, పెళ్ళి భోజనాల దగ్గర, కోర్టు వరండాలో ఎక్కడైనా ముందు గోడ వెతుక్కుంటాడు, తలుపుకు ఎదురుగా కూర్చుంటాడు. జమ్మలమడుగులో మావాళ్ళు క్షౌరానికి ఒకే షాపుకు పోయేవాళ్ళు. ఆ షాపు అద్దంలో వీధి కనిపిస్తుంది. ఇది ఎవరూ నేర్పేది కాదు. నడక వచ్చినట్టే వస్తుంది.

ఎమ్మే ఎకనామిక్స్‌లో సీటు వచ్చిందని తెలియగానే పెద్దాయన పిలిపించాడు. నాన్న తుండు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకుని నా వెనక నిలబడ్డాడు.

"ఏమిరా, ఎమ్మే సీటొచ్చిందంట?"

"ఔనన్నా."

"పో, సదువుకో. కోర్టు కాగితం సదివి చెప్పేటోడు ఒగడు మన తట్టులో ఉండల్ల. పట్నం పోయి మమ్మల్ని మర్సిపోతావేమో?"

"ఎట్ల మర్సిపోతానన్నా!"

చుట్టూ ఉన్నవాళ్ళు సంతోషంగా నవ్వారు. నాన్న తుండు మళ్ళీ భుజాన వేసుకుని ముందు నడిచాడు. ఇంటి మలుపు తిరిగాక అన్నాడు: "ఆడ ఎవురన్నా యా ఊరని అడిగితే ప్రొద్దుటూరని చెప్పు. టౌన్లో అన్ని తట్లోళ్ళూ ఉంటారు. ఎవురికీ ఏమీ దొరకదు."

కమలాపురం దాకా బస్సు, అక్కడ రైలు. హాస్టల్లో నాకిచ్చిన గది తలుపు తీసేసరికి ఒక కుర్రాడు కిటికీ కింద ఉన్న మంచాన్ని ఈడ్చుకుంటూ లోపలి గోడకు చేరుస్తున్నాడు. నేనూ సరిగ్గా ఆ గోడకే నా మంచం వేద్దామని చూస్తున్నాను.

"ఆ గోడకు నేనేసుకుంటానప్పా," అన్నాను.

"నేనూ ఏసుకుంటి గదా. పట్టు ఒగ చెయ్యి, రెండూ పడతాయి."

రెండు మంచాలూ ఒకే గోడకు వరసగా, తలగడ వైపు ఒకదానికొకటి ఆనేట్టు వేశాం. కిటికీ కింద ట్రంకు పెట్టెలు పెట్టాం. పక్క గది కోస్తావాడొకడు వచ్చి చూసి, "ఏంటి గురూ, రైలు బోగీ లాగుంది?" అని నవ్వాడు. మేమూ నవ్వాం.

"యాడప్పా నీది?" అన్నాడు నా రూమ్మేటు.

"ప్రొద్దుటూరు. నీది?"

"పులివెందుల."

"టౌనేనా?"

"టౌనే. మరి నీది?"

"నాదీ టౌనే."

ఇంకేం అడగలేదు. ఎవరి ఇల్లు, ఏ వీధి అని ఆపై ప్రశ్న వేయకపోవడమే మా వైపు మర్యాద.

క్లాసులో మొదటి రోజు నేను ఆఖరి బెంచీలో, గోడకు ఆనుకుని కూర్చున్నాను. అతనూ నా పక్కనే. ప్రొఫెసరు ఇంగ్లీషు దూరం నుంచి గాలికి వచ్చినట్టు వచ్చింది, సగం దారిలోనే పోయింది. మరునాడు పొద్దున అతను నా చొక్కా పట్టుకుని ముందుకు లాగాడు.

"రా, ముందర కూచుందాం."

"వద్దప్పా."

"ఏం వద్దు? ఈడికి సదువుకోను వచ్చినామా, కాపలా కాయను వచ్చినామా?"

"యెనకాల అంతమంది ఉంటారు గదా."

అతను నా వైపు ఒక క్షణం చూశాడు. ఎందుకు వద్దంటున్నానో అతనికి తెలిసినట్టే ఉంది. "ఈడ ఎవురూ మన యీపు చూడర్లేప్పా. అందరూ బోర్డే చూస్తారు," అన్నాడు.

కూర్చున్నాను. ఆ గంటంతా నా వీపు నాది కాదు. ఎవరో పెన్ను కింద పడేస్తే మెడ వెంట్రుకలు లేచాయి. చొక్కా తడిసి అతుక్కుపోయింది. క్లాసు అయ్యాక అతను గంభీరంగా నా వెనక్కి వచ్చి వీపు మీద చెయ్యేసి తడిమాడు.

"ఏమన్నా తగిలిందా?"

"లేదు."

"రేపు ఇంగా తగల్దు."

ఆ వారంలోనే అతను లేచి ప్రశ్న అడిగాడు. అతని ఇంగ్లీషు విని క్లాసంతా గొల్లుమంది. ప్రొఫెసరు నవ్వకుండా, బోర్డు చెరిపి, మొత్తం మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. బయటికి వచ్చాక అతను నాతో, "నవ్వినోళ్ళకు గూడా ఇప్పుడే అర్థమయింటాది. రేపు నీ వంతు," అన్నాడు. మరుసటి రోజు నేను అడిగాను. సాయంత్రాలు హాస్టలు వెనక టీ బండి దగ్గర నిలబడి, ఆ రోజు చదివినదాన్ని మా మాటల్లో చెప్పుకునేవాళ్ళం. అతనికి అర్థం కాకపోతే, "ఇదేంది, నీకే తెలీనట్టుండాది" అని మళ్ళీ మొదటికి తెచ్చేవాడు.

క్షీణ ప్రతిఫలాల సూత్రం మీద నా సెమినార్ పడింది. టీ బండి దగ్గర చెప్తూ చెప్తూ నేను నోరు జారాను.

"చేన్లో మంద పెట్టినామనుకో. రెండు మూడు రాత్రులు పెడితే పంట బాగొస్తాది. ఇంగో రెండు రాత్రులు పెడితే రొంత ఎక్కువొస్తాది. అట్లనే నెలంతా పెడితే? పైరు మాడిపోతాది. అంతేప్పా ఈ సూత్రం."

అతను టీ గ్లాసు నోటి దగ్గరే ఆపాడు. "టౌన్లో గూడా మంద పెడతారా అప్పా?"

నేను గ్లాసులో మిగిలింది ఒక్క గుక్కలో తాగేశాను. అతనే నవ్వి, "బాగుండాది. ఇదే చెప్పు సెమినార్లో," అని ఇంకో టీ చెప్పాడు.

అదే చెప్పాను. ప్రొఫెసరు "ఈ ఉదాహరణ ఏ పుస్తకంలోది?" అని అడిగి, నాదేనని తెలిసి క్లాసు ముందు మెచ్చుకున్నాడు. మొదటి పరీక్షల్లో అతను అందరికంటే ముందు, నేను అతని వెనక. మా ఇద్దరికీ యూనివర్సిటీ అంటే భయం పోయింది. మొదలు బాగుండడం అంటే అదే. నా జీవితంలో వీపు సంగతి మరిచిపోయిన రోజులు అవే.

అప్పుడు మామ వచ్చాడు.

మామ మా అమ్మకు దూరపు తమ్ముడు, పెద్దాయన మనుషుల్లో ఒకడు. జమ్మలమడుగు బస్టాండులో రెండు తట్లకూ జరిగిన గొడవలో అతని పేరుంది, పోలీసులు వెతుకుతున్నారు. ఒక మధ్యాహ్నం తుండు తలకు చుట్టుకుని, చేతి సంచితో నేరుగా గదిలోకి వచ్చి, తలుపు గడియ పెట్టి, నా మంచం మీద కూర్చున్నాడు.

"పెద్దాయన పంపించినాడు అల్లుడా. గొడవ సల్లబడేదాకా ఈడనే. ఎవురన్నా అడిగితే సదువుకోను వచ్చినానని చెప్పు."

"నీ వయసుకు ఎవురు నమ్ముతారు మామా?"

"ఫెయిలై ఫెయిలై ఉండానని చెప్పు!"

నవ్వించే మనిషే. మెస్సు నుంచి తెచ్చిన అన్నం చూసి, "ఇదేంది, కోళ్ళకేసే నూకలా? ఇది తిని మీరు ఎమ్మేలు ఎట్ల పాసవుతారురా" అనేవాడు. కానీ అతను వచ్చిన రోజు నుంచి మా కిటికీ తెరుచుకోలేదు. పగలు కూడా లైటు వేసుకోవాల్సి వచ్చేది. తలుపు తట్టితే జవాబు చెప్పడానికి మాలో ఒకడు పగలంతా గదిలో ఉండాలన్నాడు. ఇద్దరం కలిసి క్లాసుకు పోవడం ఆగిపోయింది. నేను గదిలో ఉన్న రోజు బీడీ పొగలో కూర్చుని, మొదటి బెంచీలో నా జాగా ఖాళీగా ఉంటుందని తలుచుకునేవాణ్ణి. చాలా రోజులు నా రూమ్మేటే ఉండిపోయేవాడు. "నువ్వు పో, నేనుంటాలే" అనేవాడు. ఆ మనిషి ఎవరని ఒక్కసారి కూడా నన్ను అడగలేదు. నేను "మా మామ" అన్నాను, అంతే.

మామ మాత్రం అతన్ని అడిగాడు. మా జిల్లా మర్యాద అతనికి పట్టదు.

"యా ఊరు అల్లుడా నీది?"

"పులివెందుల."

"పులివెందులలో యాడ?"

"బస్టాండు కాడ."

"బస్టాండు కాడ ఎవురింటి పక్కన?"

"ఇండ్లు యాడుంటాయి మామా ఆడ, అన్నీ అంగళ్ళే," అని నవ్వి అతను పుస్తకం తీసుకుని బయటికి పోయాడు.

మామ లేచి కిటికీ తలుపు సందులోంచి చూశాడు. గ్రౌండు దాటి లైబ్రరీ వైపు నడిచిపోతున్నాడు నా రూమ్మేటు. మామ నన్ను పిలిచాడు.

"వాడు నడిసేది చూడు. కుడికాలు రొంత ఎగరేస్తాండాడా? వాళ్ళ నాయన అట్లనే నడుస్తాడు. ఎన్ని మాపులు సూడలే నేను వంక గట్టున. పులివెందుల కాదురా వానిది. వంకావల."

దూరం నుంచి నడకను బట్టి మనిషిని గుర్తుపట్టడం మామ లాంటివాళ్ళ పని. అతను పొరబడడని నాకు తెలుసు. నాకు ముందే తెలిసినదొకటి బయటపడినట్టు అనిపించింది తప్ప ఆశ్చర్యం కలగలేదు. గోడకు మంచం ఈడ్చిన మొదటి రోజే నా లోపల ఎక్కడో అనుమానం ఉండే ఉంటుంది.

"దసరాకు ఊరికి పోతాడు గదా," అన్నాడు మామ. "యా పొద్దు, యా బస్సుకు పోతాడో కనుక్కోని చెప్పు. వాళ్ళ నాయన కొడుకును పిల్సుకపోను బస్సు కాడికి వస్తాడు. ఈ పిల్లోని జోలికి మేం పోం. మాకు కావల్సింది వాళ్ళ నాయన."

"మామా, నేను సదువుకుంటాండా..."

"సదువుకోరా, ఎవురొద్దన్న్యారు? మీ నాయన మంద ఈ మాపు గూడా మన చేన్లోనే ఉంటాది. అది మర్సిపోవద్దు."

ఇది చెప్పినప్పుడు అతని గొంతులో కోపం లేదు. దువ్వెన తీసి తల దువ్వుకుంటున్నాడు.

ఆ రోజుల్లో మామ ప్రతి పూటా గుసగుసగా బస్సు సంగతే అడిగేవాడు, నా అవస్థ ఇంతా అంతా కాదు. బస్సు చెప్తే ఒక ముసలాయన ప్రాణం పోతుంది. చెప్పకపోతే మా నాన్న ఆ ఊళ్ళో బతకలేడు. గదిలో మామ, పక్క మంచం మీద అతను, అతని తల నా తలకు జానెడు దూరంలో. మామ నిద్రలో కదిలితే నాకు మెలకువ వచ్చేది. క్లాసులో మళ్ళీ ఆఖరి బెంచీకి పోయాను. 

చేయాల్సింది ఒక్కటే ఉండింది. టీ బండి దగ్గర అతనితో "మీ నాయన్ను బస్సు కాడికి రావద్దను" అని చెప్పాలి. ఎన్ని సాయంత్రాలు ఆ మాట నాలుక చివర దాకా వచ్చిందో! అది చెప్పాలంటే ముందు నా ఊరు చెప్పాలి. నా ఊరు చెప్తే, నా గదిలో ఉన్నది ఎవరో అతనికి తెలుస్తుంది. అతను తనవాళ్ళకు చెప్తే వాళ్ళు ఈ గదికే రావచ్చు. ఇలా ఆలోచించాను. అతను నాతో అన్ని రోజులు తిరిగినా, కష్టం వచ్చేసరికి నాకు అతను అవతలి తట్టువాడయ్యాడు.

వార్డెన్ దగ్గరికి పోయాను.

"సార్, మా గదిలో బయటి మనిషి ఉంటున్నాడు."

"ఎవరి మనిషి?"

ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. తెలియదు సార్ అనవచ్చు. నా మనిషే అనవచ్చు. "నా రూమ్మేటు మనిషి సార్," అన్నాను.

ఇన్నేళ్ళూ దీన్ని నేను నాకు ఇలా చెప్పుకున్నాను: హాస్టలు సీటు పోతే అతను దసరాకు ముందే ఊరికి పోతాడు, మామ అనుకున్న బస్సు తప్పుతుంది, ముసలాయన బతుకుతాడు, మామ కూడా గది వదిలి పోతాడు, ఎవరికీ నెత్తురు అంటదు. నేను అతని తండ్రిని కాపాడాను. ఇందులో ఒకటి మింగేశాను. వార్డెన్ గది మెట్లు దిగుతుంటే, ఇక క్లాసులో నా ముందు ఎవరూ ఉండరన్న ఆలోచన కూడా వచ్చింది. రాలేదని ఇప్పుడు రాయలేను.

మామకు ముందే చెప్పాను, తనిఖీకి వస్తున్నారని. అతను "మంచి పని చేసినావు అల్లుడా" అని నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. వార్డెన్, వాచ్‌మన్లు వచ్చేసరికి గదిలో బీడీ ముక్కలు, తుండు, చేతి సంచి ఉన్నాయి. నా రూమ్మేటు అప్పుడే క్లాసు నుంచి వచ్చాడు.

"ఎవరయ్యా ఇక్కడ ఉన్న మనిషి? నీ మనిషేనట కదా?" అన్నాడు వార్డెన్.

అతను నా వైపు చూశాడు. తర్వాత తుండు వైపు చూశాడు.

"మా మామ సార్," అన్నాడు.

సాయంత్రానికల్లా గది ఖాళీ చేయమన్నారు. బయట గది తీసుకుని చదివే స్తోమత వాళ్ళింటికి లేదని నాకు తెలుసు. అతను ట్రంకు పెట్టె సర్దుకుంటుంటే నేను తలుపు దగ్గర నిలబడ్డాను. 

"మా నాయనకు బస్సు కాడికి రావద్దని ముందే చెప్పి పంపించినాలే," అన్నాడు, తల ఎత్తకుండా. "మీ మామ గుసగుస మాట్లాడితే గూడా పక్క గదికి ఇనపడతాది."

"నీకు తెలుసునా? నా ఊరు?"

"మంద కత చెప్పిన పొద్దే తెలుసు. టౌనోళ్ళకు మంద సంగతేం తెలుసప్పా."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్తావనుకుంటి."

పెట్టె భుజాన పెట్టుకుని వెళ్ళిపోయాడు. గ్రౌండు దాటేదాకా కనిపించాడు. కుడికాలు కొంచెం ఎగరేసి నడుస్తున్నాడు. ఆ వీపు చూస్తూ నిలబడ్డాను.

అంటే నేను వార్డెన్ దగ్గరికి పోయేనాటికే ఆ ముసలాయన భద్రంగా ఉన్నాడు. నేను కాపాడింది ఎవరినీ కాదు.

మరునాడు క్లాసులో అడిగారు, అతనేమయ్యాడని. "సదువు అబ్బలేదప్పా వానికి, భయపడి పోయినాడు," అన్నాను. దసరాకు ఊరికి పోయినప్పుడు మా పెద్దాయన ముందూ అదే అన్నాను. అందరూ నవ్వారు. ఆ మాట వంక దాటి అవతలికి కూడా పోయింది. క్లాసులో అందరికంటే ముందున్నవాడు చదువు రాక పారిపోయినవాడిగా మిగిలాడు. నేను ఎమ్మేలో మొదటివాడిగా బయటికి వచ్చి, ఉద్యోగం తెచ్చుకుని, మొదటి బెంచీ గురించి ఉపన్యాసాలు మొదలుపెట్టాను.

ఆ తర్వాత రెండు తట్లకూ రాజీ అయింది. మా పెద్దాయన మనవడు, అవతలి పెద్దాయన మనవడు ఇప్పుడు ఒకే పార్టీలో, ఒకే ఫ్లెక్సీ మీద చేతులు జోడించి కనిపిస్తారు. మామ ముసలివాడై మంచం పట్టి పోయాడు.

ఆ అమ్మాయి మాట విన్న తర్వాతి ఆదివారం పులివెందుల పోయాను. వైండింగ్ అంగడి వెతకాల్సిన పని లేకపోయింది. రోడ్డు దాటుతున్న మనిషి నడక చూసి గుర్తుపట్టాను. జుట్టు నెరిసింది, చేతులకు గ్రీజు.

"అప్పా," అన్నాను.

కాసేపు చూశాడు. "సారు వచ్చినాడే! రా, టీ తాగుదాం."

టీ హోటల్లో మాటలు అతనే మొదలుపెట్టాడు. "పాప చెప్పిందిలే. మా సారు గూడా నువ్వు చెప్పినట్టే చెప్తాండాడు నాయనా అని. పేరడిగితే నీ పేరు చెప్పె."

"నీ మాటలే అప్పా అవన్నీ. ఇన్నేండ్లూ నావని చెప్పుకున్న్యా."

"మాటలదేముందిలే."

"ఒగటి అడగల్ల నిన్ను. వార్డెన్ అడిగినప్పుడు మా మామ అని ఎందుకన్న్యావు? నా కోసమే గదా?"

అతను నవ్వాడు, కానీ ఆ నవ్వు టీ బండి దగ్గరి నవ్వు కాదు. "మీ మామ పేరు బయటికొస్తే పోలీసోళ్ళు పట్టుకపోయేటోళ్ళు. పట్టిచ్చింది ఎవురంటే ఫలానా వాని కొడుకనే గదా మీ తట్టోళ్ళు అంటారు. మా నాయన బతికేవాడా? నీ కోసం కాదప్పా. నీ కోసం అనుకుంటాంటివా ఇన్నేండ్లు?"

అనుకుంటూనే ఉన్నాను. అదొక్కటి పట్టుకుని బతికాను. టీ చల్లారిపోయింది.

"జరిగింది జరిగినట్టు రాస్తా," అన్నాను. "నీకు సదువు అబ్బక రాలేదని పాపకు తెలియల్ల."

అతను వేళ్ళకంటిన గ్రీజు తుడుచుకున్నాడు. "రాసుకో. పేర్లు వద్దు. నాదీ వద్దు, నీదీ వద్దు, మన ఊర్లవి అసలే వద్దు. పిల్ల ఆడ సదువుకోవల్ల."

"పేర్లు లేకున్న్యా పాపకు తెలిసిపోతాది గదప్పా."

"తెలియనీ," అన్నాడు. మళ్ళీ కొంచెంసేపటికి, "రొంత తెలియనీ."

"ఆడ ఎవురన్నా యా ఊరని అడిగితే ఏమి చెప్పమన్న్యావు పాపకు?"

అతను గ్లాసు అడుగున మిగిలిన టీ చూశాడు. "పులివెందులని చెప్పమన్న్యా."

అప్పుడు హోటలాయన వచ్చి, "ఆ పక్క బల్ల ఖాళీగుండాది గదప్పా, ఎదురెదురుగా కూచోని మాట్లాడుకోండి. ఒకే బెంచీ మీద ఇరుక్కోని ఏంది?" అన్నాడు. అప్పుడు చూసుకున్నాను. లోపలికి రాగానే మేమిద్దరం ఏమీ అనుకోకుండా లోపలి గోడకు ఆనుకుని, తలుపుకు ఎదురుగా, పక్కపక్కనే కూర్చున్నాం. అంతసేపు మాట్లాడినా అతని మొహం నేను సరిగ్గా చూడనేలేదు. ఎదురుగా కూర్చోవాలంటే ఇద్దరిలో ఒకరు తలుపుకు వీపు పెట్టాలి.

"ఈడ బాగుండాదిలే," అన్నాడు అతను. నేనూ లేవలేదు.